నట్టల మందు తాపినా దవడ కింద నీరు దిగుతోంది, గొర్రె పిల్లలు చనిపోతున్నాయి.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు 60 గొర్రెలు ఉన్నాయి. మూడు నెలలకోసారి మంద మొత్తానికి నట్టల మందు తాపుతున్నాం. నాలుగేళ్లుగా ఆల్బెండజోల్ 2.5 శాతం మందే వాడుతున్నాం. పెద్దవాటికి తలా 5 మి.లీ., పిల్లలకు 2 మి.లీ. పోస్తాం. పెద్ద గొర్రెలు 30 నుంచి 40 కిలోలు ఉంటాయి. వానలు మొదలయ్యాక కొన్నిటికి దవడ కింద మెత్తగా నీరు దిగింది. సాయంత్రానికి పెరుగుతుంది, పొద్దునకు తగ్గినట్టు కనిపిస్తుంది. పారుడు లేదు, మేత తింటున్నాయి, కానీ మందతో పాటు నడవలేక వెనకబడుతున్నాయి. ఈమధ్య మూడు పిల్లలు చనిపోయాయి. పెంటికల్లో పురుగులేమీ లేవు, ఒకటి రెండింటిలో మాత్రం తెల్లటి బియ్యపు గింజల్లాంటివి కనిపించాయి. ఇంకా పవర్‌ఫుల్ మందు ఏదైనా చెప్పగలరా? ఈ పురుగులు మా ఇంట్లో పిల్లలకు అంటుకుంటాయేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు

జవాబు: ముందు దవడ కింద నీరు దిగిన గొర్రెల సంగతి చూడండి. అవి రక్తం బాగా తగ్గిపోయిన స్థితిలో ఉన్నాయి. మేత తింటున్నాయి కదా, రెండు రోజులు చూద్దాం అని ఆగకండి. ఇవాళే పశువైద్యుణ్ని పిలిపించండి. ఆల్బెండజోల్ కాకుండా వేరే రకం మందు, అంటే లెవమిసోల్ గానీ, రక్తం పీల్చే నట్టల మీద పనిచేసే క్లోసాంటెల్ గానీ, బరువు చూసి ఆయన ఇస్తారు. ఈ రెండూ సొంతంగా కొని అందాజాగా పోసే మందులు కావు. క్లోసాంటెల్ మోతాదు బాగా మించితే గొర్రెకు చూపు పోవచ్చు. లెవమిసోల్ ఎక్కువైతే చొంగ కారుస్తూ, వణుకుతూ పడిపోతుంది.

ఆ గొర్రెలను మంద వెంట తోలకండి. తరిమి పట్టుకోవడం, ఎండలో నడిపించడం వద్దు. రక్తం లేని గొర్రె ఆ కాస్త శ్రమకే ఆయాసపడి కుప్పకూలుతుంది. దొడ్డి దగ్గరే నీడలో కట్టి, నీళ్లు, పప్పుజాతి పచ్చిమేత, కొంచెం నూనెగింజల చెక్క అందించండి. పోయిన రక్తం మళ్లీ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. ఐరన్ ఇంజెక్షన్ అవసరమా కాదా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. నట్టలు చచ్చినా రక్తం తిరిగి పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. దవడ వాపు మర్నాడే పోలేదని మళ్లీ మందు పోయకండి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకు మొదట అనుమానం వచ్చేది హీమాంకస్ అనే నట్ట మీద. ఇది గొర్రె నాలుగో పొట్టలో ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, దారం లాంటి ఒళ్లు. ఒక్కో నట్ట రోజుకు దాదాపు 0.05 మి.లీ. రక్తాన్ని నష్టపరుస్తుంది. చుక్కంత కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ 5,000 నట్టలున్న గొర్రె నుంచి రోజుకు 250 మి.లీ. దాకా పోతుంది. రక్తంతో పాటు అందులోని ప్రోటీన్ కూడా పోతుంది కాబట్టే నీరు రక్తనాళాల్లో నిలవక దవడ కిందికి దిగుతుంది. పగలంతా తల వంచి మేస్తుంది కాబట్టి సాయంత్రానికి వాపు పెరుగుతుంది, రాత్రి తల ఎత్తి ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి తగ్గుతుంది. మీరు గమనించింది అదే.

ఈ నట్ట వల్ల సాధారణంగా పారుడు ఉండదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. నట్టలంటే పారుకోవాలి, చిక్కిపోవాలి అనుకుంటారు. పారుడు తెచ్చేవి ట్రైకోస్ట్రాంగైలస్ లాంటి వేరే రకం సన్న నట్టలు. హీమాంకస్ ఒక్కసారిగా ఎక్కువైతే ఒళ్లున్న పిల్ల కూడా ఉన్నట్టుండి చనిపోతుంది. పెంటికల్లో పురుగులు కనబడకపోవడం కూడా మామూలే. బయటికి వచ్చేది గుడ్లు మాత్రమే, వాటిని మైక్రోస్కోప్‌లోనే చూడగలం. ఇకముందు ఏ పిల్లైనా చనిపోతే పూడ్చేముందు పోస్టుమార్టం చేయించండి. నాలుగో పొట్ట తెరిస్తే, ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి గర్భనాళం మెలిదిరిగిన ఈ నట్టలు మామూలు కంటికే కనిపిస్తాయి.

ఒక్క మాట. దవడ వాపు కార్జపు జలగల వల్ల కూడా వస్తుంది. చెరువు గట్లు, నత్తలుండే తడి నేలల్లో మేపుతుంటే ఆ అనుమానం కూడా పెట్టుకోవాలి. ఏది అన్నది పెంటికల పరీక్షలో తేలుతుంది. పరీక్ష చేయించకుండా మందు మార్చడం వల్ల చాలాసార్లు డబ్బు, కాలం రెండూ పోతాయి.

ఇప్పుడు మీరు అడిగిన పవర్‌ఫుల్ మందు గురించి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘తలా 5 మి.లీ.’ లెక్క చూడండి. 2.5 శాతం మందు అంటే ఒక మి.లీ.లో 25 మి.గ్రా. ఆల్బెండజోల్. 5 మి.లీ.లో 125 మి.గ్రా. కిలో బరువుకు 7.5 మి.గ్రా. చొప్పున చూస్తే అది 17 కిలోల గొర్రెకు సరిపోతుంది. కిలోకు 5 మి.గ్రా. అనుకున్నా 25 కిలోల గొర్రెకే. మీ 40 కిలోల గొర్రెకు 7.5 లెక్కన 300 మి.గ్రా., అంటే 12 మి.లీ. పడాలి. నాలుగేళ్లుగా మీ పెద్ద గొర్రెలకు దాదాపు సగం మోతాదే, బాగా బరువున్న వాటికి సగం కూడా అందడం లేదు. తప్పు మీ ఒక్కరిదే అనను. తలకింత అని పోయడం అన్ని మందల్లోనూ ఉన్న అలవాటే. కానీ చాలీచాలని మోతాదు బలహీనమైన నట్టలను చంపి, తట్టుకోగల వాటిని మిగులుస్తుంది. గుడ్లు పెట్టేది ఇక అవే. విత్తనానికి గట్టి కంకులను ఏరిపెట్టుకున్నట్టు, మందుకు చావని నట్టలను మనమే ఏరి పెంచుతున్నాం.

ఇది కొత్త సమస్య కాదు. ఆల్బెండజోల్ కుటుంబంలో మొదటిదైన థయాబెండజోల్ 1961లో వచ్చింది. కొన్నేళ్లలోనే దానికి లొంగని హీమాంకస్ బయటపడింది. ఆ తర్వాత వచ్చిన లెవమిసోల్‌కూ, ఐవర్‌మెక్టిన్‌కూ అదే జరిగింది. హీమాంకస్ ఒక్క ఆడది రోజుకు 5,000కు పైగా గుడ్లు పెడుతుంది. అంత సంతతి ఉన్న పురుగుకు ఏ మందునైనా తట్టుకునే పిల్లలు పుట్టుకొస్తాయి. అందుకే ఇంకా గట్టి మందు చెప్పమంటే నాకు భయం. కొత్తదాన్ని కూడా పాత పద్ధతిలోనే వాడితే అదీ కొన్నేళ్లకు చెడుతుంది. ఆల్బెండజోల్ మానేసి ఫెన్‌బెండజోల్ కొనడం కూడా మార్పు కాదు. పేరు వేరైనా రెండూ ఒకే కుటుంబం. ఒకటి పనిచేయకపోతే రెండోదీ చాలావరకు పనిచేయదు.

మీ మందలో ఆల్బెండజోల్ నిజంగా చెడిందా, మోతాదు చాలకనే ఇలా అయిందా అన్నది తేల్చుకోవచ్చు. బాగున్న 10 నుంచి 15 గొర్రెలను గుర్తుపెట్టుకోండి. వాటి పురీషనాళం నుంచి తాజా పెంటికలు తీసి, విడివిడి కవర్లలో వేసి, చల్లగా ఉంచి, అదే రోజు పశువ్యాధి ల్యాబ్‌కు పంపండి. తర్వాత ఒక్కోదాన్ని తూకం వేసి పూర్తి మోతాదు తాపండి. 10 నుంచి 14 రోజుల తర్వాత అవే గొర్రెల పెంటికలు మళ్లీ పంపండి. గుడ్ల సంఖ్య 95 శాతం కన్నా తక్కువ తగ్గితే ఆ మందు మీ నట్టల మీద పట్టు కోల్పోయినట్టే. ఈ పరీక్షకు పెట్టే ఖర్చు, ఏళ్ల తరబడి పనిచేయని మందు కొనడం కంటే చాలా తక్కువ.

తాపే తీరు కూడా ముఖ్యమే. సిరంజి లేదా తాపే గన్‌ను నాలుక మీదుగా లోపలికి పెట్టి, తల మరీ ఎత్తకుండా నెమ్మదిగా వదలాలి. నోటి ముందు భాగంలో పోస్తే కొంత మందు మొదటి పొట్టను దాటుకుని నేరుగా నాలుగో పొట్టలోకి పోయి, త్వరగా బయటికి వెళ్లిపోతుంది. తల పైకెత్తి గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా బాగా కుదపండి. అన్నిటినీ తూచలేకపోతే మందను బరువును బట్టి రెండు మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపులో ఎక్కువ బరువున్న దాని మోతాదే మిగతావాటికీ ఇవ్వండి. ఆల్బెండజోల్‌కు ఇది ఫర్వాలేదు, లెవమిసోల్, క్లోసాంటెల్ విషయంలో మాత్రం డాక్టర్ని అడగండి. పొట్టేలు దాటిన మొదటి నెలలో ఆల్బెండజోల్ వద్దు, కడుపులోని పిల్లకు హాని.

మూడు నెలలకోసారి మంద మొత్తానికి తాపే పద్ధతి ఇక ఆపేయండి. మందలో నట్టలు అన్నిటికీ సమానంగా ఉండవు. దాదాపు పావు వంతు గొర్రెల్లోనే ఎక్కువ నట్టలు ఉంటాయి. వాటిని గుర్తుపట్టే సులువైన మార్గం కంటి కింది రెప్ప. రెప్ప తిప్పి లోపలి రంగు చూడండి. నిండు ఎరుపు ఉంటే మందు అక్కర్లేదు. లేత గులాబీ నుంచి తెలుపుకు తిరిగితే మందు కావాలి. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఫమాచా పద్ధతి ఇదే. అందులో 1 నుంచి 5 దాకా రంగులున్న కార్డు ఉంటుంది. 4, 5 రంగులకు తప్పకుండా తాపాలి. పిల్లలు, చూడివి, ఈనినవి అయితే 3 ఉన్నా తాపడం మంచిది. వానల్లో రెండు వారాలకోసారి, ఎండాకాలంలో నెలకోసారి చూస్తే చాలు. వెలుతురులో చూడండి, కార్డు లేకుండా జ్ఞాపకం మీద ఆధారపడకండి. మాటిమాటికీ తెల్లబడుతున్న గొర్రెను, దాని పిల్లలను విత్తనానికి ఉంచుకోవద్దు. నట్టలను తట్టుకునే గుణం వారసత్వంగా వస్తుంది. రెప్ప రంగు రక్తం పీల్చే పురుగులకే పనికొస్తుంది, పారుడు తెచ్చే నట్టలకు పెంటికల పరీక్షే దిక్కు.

బాగున్న గొర్రెలకు మందు తాపకుండా వదలడం చాలామందికి మింగుడుపడదు. కానీ వాటి కడుపులోని నట్టలు మందుకు ఇంకా లొంగేవి. వాటి గుడ్లు గడ్డిలో పడి, మొండి నట్టల సంతతితో కలిసి ఆ మొండితనాన్ని పలచన చేస్తాయి. మంద మొత్తానికి తాపి, అదే రోజు కొత్త బీడుకు తోలితే ఆ బీడు నిండా మొండి నట్టలే పెరుగుతాయి.

నిజానికి నట్టల్లో ఎక్కువ భాగం గొర్రెలో కాదు, గడ్డిలో ఉంటుంది. పెంటికల్లోని గుడ్లు వెచ్చటి తడి వాతావరణంలో వారం లోపే, ఒక్కోసారి నాలుగైదు రోజుల్లోనే, సోకే దశ పిల్లపురుగులు అవుతాయి. అవి తడి ఉన్నప్పుడు గడ్డి మీదికి ఎక్కుతాయి, ఎక్కువగా నేల నుంచి 5 సెంటీమీటర్ల లోపే ఉంటాయి. గొర్రె మింగాక మూడు వారాల్లో పెద్దవై గుడ్లు పెడతాయి. అందుకే ఒకేచోట నాలుగు రోజులకు మించి మేపకండి. మళ్లీ అక్కడికి రావడానికి కనీసం నెల రోజులకు పైగా వదిలిపెట్టండి. వేడిగా ఉన్నప్పుడు గొర్రె కడుపులోకి చేరని పిల్లపురుగులు త్వరగా చస్తాయి. చల్లటి తేమ నేలలో మాత్రం నెలల తరబడి బతుకుతాయి. గడ్డి మొదలంటా మేసేదాకా ఉంచొద్దు. మంచు ఆరాక తోలండి. చెట్ల ఆకులు మేపగలిగితే ఇంకా మంచిది. ఆవులు, గేదెలు ఉంటే గొర్రెల తర్వాత వాటిని అదే బీడులో మేపండి. గొర్రె నట్టల్లో చాలావాటికి అవి సరైన ఇల్లు కాదు, వాటి కడుపులో పడి చస్తాయి. మేకలు మాత్రం ఇందుకు పనికిరావు, గొర్రెల నట్టలే వాటికీ పడతాయి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఈనే ముందు, ఈనిన తర్వాత కొన్ని వారాలు. అప్పుడు తల్లికి నట్టలను అణిచే శక్తి తగ్గి, పెంటికల్లో గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. అదే గడ్డిని కొత్తగా మేత మొదలుపెట్టిన పిల్లలు కొరుకుతాయి. చూడి గొర్రెలకు చివరి ఆరు వారాలు మంచి దాణా ఇస్తే ఈ బెడద చాలా తగ్గుతుంది. పాలు మరిచిన పిల్లలకు మీ దగ్గరున్న శుభ్రమైన బీడును కేటాయించండి. కొత్తగా కొన్న గొర్రెలను నేరుగా మందలో కలపకండి. రెండు వేర్వేరు కుటుంబాల మందులు డాక్టర్ చేత ఇప్పించి, రెండు రోజులు వేరుగా కట్టి ఉంచండి.

బియ్యపు గింజల్లాంటివి బద్దె పురుగు ముక్కలు. చూడటానికి భయం వేస్తుంది కానీ వాటి వల్ల నష్టం తక్కువ. మీ గొర్రె పిల్లలు చనిపోవడానికి అవి కారణం కాకపోవచ్చు. ఒకవేళ ఆ పిల్లలకు రక్తంతో పారుడు మొదలైతే అది కాక్సీడియా అనే, కంటికి కనిపించని సూక్ష్మజీవి వల్ల కావచ్చు, దానికి నట్టల మందులేవీ పనిచేయవు, వేరే చికిత్స ఉంది.

ఇంట్లో పిల్లల గురించి. గొర్రెల పొట్టలోని ఈ నట్టలు సాధారణంగా మనుషులకు సోకవు, ఆ టెన్షన్ వదిలేయండి. జాగ్రత్త పడాల్సింది కుక్క దగ్గర. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కనిపిస్తే అవి హైడాటిడ్ తిత్తులు కావచ్చు. వాటిని కుక్క తింటే దాని పేగుల్లో సన్నటి బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలం నుంచి మన చేతులకు, కూరగాయలకు అంటి లోపలికి పోతే మన కార్జంలోనూ తిత్తులు వస్తాయి. కాబట్టి అలాంటి భాగాలను కుక్కకు వేయకుండా లోతుగా పూడ్చండి. మంద కుక్కకు బద్దె పురుగులను చంపే ప్రాజీక్వాంటెల్ మాత్రలు ఎన్ని వారాలకోసారి వేయాలో డాక్టర్ని అడగండి. కుక్కతో ఆడాక, తినేముందు పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి. మందు తాపిన గొర్రెల పాలు, మాంసం ఎన్ని రోజుల దాకా వాడకూడదో సీసా మీద రాసి ఉంటుంది. మందును బట్టి అది మారుతుంది, తాపిన తేదీ రాసి పెట్టుకోండి.