సూది ఊగింది సరే, వంకర ఎక్కడొచ్చింది?

ప్రశ్న: టార్గెట్ షూటింగ్ కోసం .308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటాలు నేనే రీలోడ్ చేసుకుంటాను, అంటే కాల్చిన ఇత్తడి కేసులనే (తూటా గొట్టాలనే) మళ్లీ నింపుకుంటాను. కొత్తగా రన్‌అవుట్ గేజ్ (తూటా వంకరను కొలిచే పరికరం) కొన్నాను. తయారైన తూటాను దాని మీద తిప్పితే బుల్లెట్ దగ్గర సూది 0.006 అంగుళం ఊగుతోంది. సీటింగ్ డై (బుల్లెట్‌ను కేసులో కూర్చోబెట్టే అచ్చు) మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. నేనూ ఒకప్పుడు సరిగ్గా మీలాగే ఆలోచించి కొత్త సీటింగ్ డై కొన్నాను. సూది మాత్రం అలాగే ఊగింది. చివర్లో ఒక్కసారే కొలిస్తే వంకర ఎంతో తెలుస్తుంది గానీ, ఏ దశలో వచ్చిందో తెలియదు.

కాల్చిన కేసులు 10 తీసుకుని మార్కర్‌తో నంబర్లు వేయండి. ముందు కాల్చినవి కాల్చినట్టే కొలవండి. ఆ తర్వాత సైజింగ్ (ఉబ్బిన కేసును డైలో నొక్కి మళ్లీ సైజుకు తేవడం) అయ్యాక, బుల్లెట్ కూర్చోబెట్టాక మళ్లీ కొలిచి రాసుకోండి. కాల్చినప్పుడు కేసు ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) ఆకారానికి ఉబ్బుతుంది కాబట్టి మెడ (బుల్లెట్‌ను పట్టుకునే సన్నని భాగం) మామూలుగా తిన్నగానే ఉంటుంది. నా కేసులు అక్కడ 0.001 దాటలేదు. సైజింగ్ డై నుంచి బయటికొచ్చేసరికి 0.005!

ప్రైమర్ (పౌడర్‌ను అంటించే, కేసు అడుగున ఉండే చిన్న మూత) ముందే తీసేసిన మూడు కేసులను, ఎక్స్‌పాండర్ రాడ్ (సైజింగ్ డై లోపలి కడ్డీ; దాని మీది బాల్ మెడను లోపల్నుంచి వెడల్పు చేస్తుంది) విప్పేసి, మళ్లీ సైజ్ చేసి చూశాను. సూది దాదాపు కదల్లేదు. అంటే లూబ్ లేకుండా పొడిగా ఉన్న మెడలోంచి పైకి వచ్చే ఎక్స్‌పాండర్ బాల్ మెడను పక్కకి లాగేస్తోందన్నమాట. నైలాన్ బ్రష్‌తో మెడ లోపల కాస్త లూబ్ (జారడానికి రాసే పదార్థం) రాశాను. రాడ్ లాక్‌నట్‌ను వదులు చేసి, బాల్ మెడలో ఉండగానే మళ్లీ బిగించాను. దాంతో రాడ్ తనంతట తానే మధ్యకి వచ్చింది. పౌడర్ పోసే ముందు ఆ లూబ్ పూర్తిగా తుడిచేయడం మరిచిపోవద్దు.

కొలిచే పద్ధతి కూడా ఒకసారి సరిచూసుకోండి. కేసు ఒంటికి రెండు చోట్ల ఆధారం ఉండాలి: ఒకటి అడుగు దగ్గర, ఇంకొకటి భుజానికి (మెడ వైపు కేసు సన్నబడే చోటికి) కాస్త కింద. అడుగు అంచు మీద మాత్రం ఆనించకండి, అక్కడ ఎక్స్‌ట్రాక్టర్ గాట్లుంటాయి. బుల్లెట్ మీద ఇండికేటర్ (సూది ఉన్న కొలమానం) ముందుకు జరిగేకొద్దీ అదే వంకర పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి ప్రతిసారీ ఒకే చోట పెట్టండి. సూది మొత్తం 0.006 ఊగిందంటే బుల్లెట్ మధ్యరేఖ అక్కడ నిజంగా జరిగింది అందులో సగమే, 0.003.

కాల్చిన కేసే ఊగుతుంటే, మెడ గోడ మందం ఒక్కో పక్క ఒక్కోలా ఉందేమో బాల్ మైక్రోమీటర్‌తో చూడండి. అది ఇత్తడిలోని లోపం, డై మారిస్తే పోదు.

కొన్ని గేజ్‌లకు బుల్లెట్‌ను నొక్కి తిన్నగా చేసే లీవర్ ఉంటుంది. నేను దాన్ని ముట్టుకోను, మెడ పట్టు సడలుతుంది. వంకర తూటాలను సైటింగ్ షాట్లకు (గురి సరిచూసుకునే షాట్లకు) పక్కన పెడతాను. 0.003 లోపు ఊగితే ఇక పట్టించుకోను.

ఆ 10 కేసుల కొలతలు మూడు దశలవీ రాసి పంపండి. నేను ముందుగా చూసేది సైజింగ్ తర్వాతి అంకెనే.