తూకానికి పోయిన శిల్పాలు

ప్రశ్న: లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, అక్కడ కోట్ల విలువ చేసే కంచు విగ్రహాన్ని దొంగలు ఎత్తుకుపోయి పాత సామాను కింద అమ్మేశారని చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అంత తెలివితక్కువ దొంగలు కూడా ఉంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి చెప్పింది బహుశా హెన్రీ మూర్ శిల్పం సంగతి అయి ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు ప్రసిద్ధ ఆంగ్ల శిల్పి అయిన మూర్, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని పెర్రీ గ్రీన్ అనే ఊళ్లో దశాబ్దాల పాటు నివసించి పనిచేశారు. ఆయన పేరిట నడుస్తున్న సంస్థ ఆవరణలో ఉన్న 'పవళించిన మూర్తి' అనే కంచు శిల్పం 2005 డిసెంబరులో ఒక రాత్రి మాయమైంది. సుమారు 12 అడుగుల పొడవూ రెండు టన్నులకు పైగా బరువూ ఉన్న ఆ శిల్పాన్ని దొంగలు క్రేన్ బిగించిన లారీతో వచ్చి ఎత్తుకుపోయారు. ఆ లారీ కూడా దొంగిలించినదే. శిల్పం విలువ 30 లక్షల పౌండ్లని అంచనా. దాన్ని ముక్కలు చేసి కరిగించేశారనీ, లోహానికి మహా అయితే 1,500 పౌండ్లు వచ్చి ఉంటాయనీ 2009లో పోలీసులు తేల్చారు. అంటే రెండు వేల రూపాయల వస్తువును ఒక్క రూపాయికి వదులుకున్నట్లు.

అయితే వారిని ఉత్త తెలివితక్కువవారని కొట్టిపారేయలేను. ప్రపంచమంతా ఎరిగిన శిల్పాన్ని శిల్పంగా కొనే సాహసం ఎవరు చేస్తారు? వేలంశాలకు తీసుకువెళితే ఆ గడప దగ్గరే పట్టుబడతారు. కంచులో అధిక భాగం రాగి. రాగి ధర పెరుగుతున్న ఆ రోజుల్లో, ముక్కలైన కంచు ఏ విగ్రహానిదో అడగకుండా నగదు చేతిలో పెట్టే తుక్కు వ్యాపారి దొరికితే దొంగకు అంతకన్నా కావలసిందేముంది? (తాతల నాటి కంచు గిన్నెలను తూకానికి వేసి స్టీలు సామాను తెచ్చుకున్న మన ఇళ్లు ఎన్ని లేవు! కాకపోతే అవి మన సొంతం.)

2011 డిసెంబరులో లండన్‌లోని డల్విచ్ పార్కు నుంచి, 1970 నుంచీ అక్కడే నిలిచి ఉన్న బార్బరా హెప్‌వర్త్ అనే మరో ఆంగ్ల శిల్పి చేసిన శిల్పాన్ని కూడా పీఠం నుంచి కోసుకుపోయారు. దాని బీమా విలువ 5 లక్షల పౌండ్లు.

మీరు నవ్వుకోదగినది మాత్రం 2012 జులై నాటి ఉదంతం. అదే పెర్రీ గ్రీన్‌లో మూర్ చేసిన చిన్న కంచు నీడగడియారాన్ని ఇద్దరు యువకులు దొంగిలించి, 46 పౌండ్లకు తుక్కు కింద అమ్మారు. దాని విలువ 5 లక్షల పౌండ్ల వరకు ఉంటుందని అంచనా. టీవీలో ఆ దొంగతనం గురించి చూపించిన తరువాత అది తిరిగి దొరికింది. వారిద్దరికీ ఏడాది జైలుశిక్ష పడింది.

శిల్పాల చుట్టూ కాపలా పెంచడం కన్నా తుక్కు కొట్టు గల్లాపెట్టె మీద కన్ను వేయడమే అసలు మందని నా అభిప్రాయం. ఇంగ్లండు ప్రభుత్వానికీ చివరికి అదే తోచింది. తుక్కు లోహానికి నగదు చెల్లించడాన్ని నిషేధించి, ఆపై 2013 చట్టంతో కొనేవారికి లైసెన్సునూ, అమ్మేవారి గుర్తింపును సరిచూడడాన్నీ తప్పనిసరి చేసింది. నగదు నిషేధం అమలులోకి వచ్చింది 2012 డిసెంబరులో, నీడగడియారం పోయిన అయిదు నెలలకు.