తీగల మీద తిరిగే చుక్కాని: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

తాళ్ళరేవులో కట్టిస్తున్న స్పీడుబోటుకి ఎలక్ట్రానిక్ స్టీరింగు నువ్వే తయారుచేస్తానన్నావు. బోటు వెనక బిగించే 300 హార్స్‌పవర్ అవుట్‌బోర్డు ఇంజను ఒకటే, పరుగు 50 నాట్లు. నువ్వు పంపిన బొమ్మ శ్రద్ధగా చూశాను. మోటారు, కంట్రోలర్, చక్రం, తెర అన్నీ ఉన్నాయి. ఏది చెడితే బోటు ఏం చెయ్యాలన్నది మాత్రం ఎక్కడా లేదు. పని అక్కడ మొదలుపెట్టు. ఆ కాగితం పూర్తయ్యేదాకా సోల్డరింగు ఐరన్ ముట్టుకోకు.

కేబుల్ స్టీరింగైనా హైడ్రాలిక్కైనా చెడే ముందు చేతికి చెబుతుంది. కేబుల్ బిగుసుకుంటుంది, నూనె కారితే చక్రం వదులుగా తిరుగుతుంది. తీగ తెగితే అలాంటి కబురు రాదు. 50 నాట్లంటే సెకనుకి 25 మీటర్ల పైమాట. మాట అందడం సెకనులో పదోవంతు ఆలస్యమైతే బోటు రెండున్నర మీటర్లు వెళ్ళిపోతుంది. ఎదురుగా వలతెప్ప ఉంటే ఆ రెండున్నర మీటర్లే ముఖ్యం.

కాగితం మీద మూడు గళ్ళు గియ్యి: ఏది చెడింది, ఎన్ని మిల్లీసెకన్లలో కనిపెడతాం, అప్పుడు బోటు ఏం చేస్తుంది. చక్రం సెన్సారు ఒకటి పోవడం, రెండూ పోవడం, పరికరాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే కేన్ తీగ తెగడం, అదే తీగ బ్యాటరీ పాజిటివ్‌కి తగలడం, ఇంజను స్టార్టు చేసినప్పుడు వోల్టేజి పడిపోవడం, ఇంజనుని అటూ ఇటూ నెట్టే యాక్చువేటర్ స్క్రూలో ఇసుక పట్టడం, జీపీఎస్ పోవడం... ముప్పై వరసలైనా రావాలి. చిన్న పడవల ఎలక్ట్రానిక్ స్టీరింగు, గేరు, థ్రాటిళ్ళ కోసమే ఐఎస్‌ఓ 25197 అనే ప్రమాణం ఉంది. దాన్ని కొని పక్కన పెట్టుకో.

ఒంటి ఇంజను బోటులో స్టీరింగు పూర్తిగా పోతే ఇంజనుని వదిలెయ్యకూడదు. ప్రొపెల్లరు టార్కు దాన్ని ఒక పక్కకి లాగేస్తుంది, బోటు గిర్రున తిరిగి మనుషుల్ని విసిరేస్తుంది. యాక్చువేటర్‌లో గోళీల మీద తిరిగే మర, అంటే బాల్‌స్క్రూ, సాఫీగా వెనక్కి తిరిగే వస్తువు, కరెంటు పోతే అది ఏమీ పట్టుకోదు. అందుకే మోటారు షాఫ్టు మీద కరెంటు ఉంటే వదిలి, పోతే స్ప్రింగుతో పట్టుకునే బ్రేకు పెట్టు. హైడ్రాలిక్ పంపు వాడితే ఆ పని లాక్ వాల్వు చేస్తుంది. అప్పటికి ఉన్న కోణంలోనే ఇంజను తిరగకుండా నిలిచిపోవాలి, బజరు మోగాలి, థ్రాటిల్ మూడు నాలుగు సెకన్లలో మెల్లగా దిగాలి. ఒక్కసారిగా తగ్గిస్తే ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది, వెనకాల అల ట్రాన్సమ్, అంటే బోటు వెనక గోడ, ఎక్కి లోపలికి వస్తుంది. ఆగాక చేత్తో తిప్పుకోడానికి ఒక పిన్ను, ఒక కడ్డీ ఉండాలి. ఆ పిన్ను చీకట్లో, తడి చేత్తో కూడా ఊడాలి.

ఇక బలం లెక్క. కేటలాగు చూసి యాక్చువేటర్ కొనకు. అదే ఇంజనుకి ముందు మామూలు హైడ్రాలిక్ స్టీరింగు బిగించి, సిలిండరు రెండు పోర్టులకీ ప్రెషర్ గేజీలు పెట్టి నడుపు. రెండు గేజీల తేడాని పిస్టను వైశాల్యంతో గుణిస్తే బలం వస్తుంది. ఉదాహరణకి 32 మిల్లీమీటర్ల బోరు, 16 మిల్లీమీటర్ల రాడ్డు అయితే, రాడ్డు పోను వైశాల్యం 603 చదరపు మిల్లీమీటర్లు. తేడా 30 బార్ అయితే సుమారు 1,800 న్యూటన్లు. నీ ఇంజను సంఖ్య నీ గేజీయే చెప్పాలి, ఇది లెక్క తీరు చూపడానికే. దాన్ని రెట్టింపు చేసి 4,000 కింద పెట్టుకో. నీళ్ళలో ఉండే లోయర్ యూనిట్‌కి గుర్రపుడెక్క చుట్టుకున్న రోజున ఆ రెట్టింపు అక్కరకొస్తుంది.

ఆర్మ్ 200 మిల్లీమీటర్లు, ఇంజను అటు 30 ఇటు 30 డిగ్రీలు తిరిగితే స్ట్రోకు 200 మిల్లీమీటర్లు. ఆ చివరి నుంచి ఈ చివరికి 4 సెకన్లలో రావాలంటే సెకనుకి 50 మిల్లీమీటర్లు. చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరిగే (5 మిల్లీమీటర్ల లీడు) బాల్‌స్క్రూకి నిమిషానికి 600 చుట్లు, 90 శాతం సామర్థ్యంతో టార్కు మూడున్నర న్యూటన్ మీటర్లు. బయటికొచ్చే శక్తి 200 వాట్లు. మొత్తం మీద 60 శాతమే దక్కుతుందనుకుంటే 12 వోల్టుల దగ్గర 28 ఆంపియర్లు లాగుతుంది. తీగని 40కి లెక్కవెయ్యి. బరువు సర్దడానికి బ్యాటరీ ముందుకి జరిపావు కాబట్టి పోను 6, రాను 6 మొత్తం 12 మీటర్లు. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 0.8 వోల్టులు దారిలోనే పోతాయి. 25 వేస్తే 0.33 దగ్గర ఆగుతుంది, అది 3 శాతం లోపు. తీగ టిన్ పూసినదే కావాలి. మామూలు రాగి ఇక్కడి ఉప్పుగాలికి లోపల నల్లబడిపోతుంది, పైన తొడుగు మాత్రం కొత్తదిలా మెరుస్తూ ఉంటుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. స్టీరింగుకి బ్యాటరీ వేరే పెట్టు. ఇంజను స్టార్టరు తిరిగినప్పుడు 12 వోల్టులు 9కి దిగిపోయి కంట్రోలర్ రీసెట్ అవుతుంది.

కోణం సెన్సార్లు చక్రం దగ్గర రెండు, ఇంజను దగ్గర రెండు. రెండిటినీ ఒకే తీరుగా వైరు చెయ్యకు. ఒకటి 0.5 నుంచి 4.5 వోల్టులకి పెరగాలి, రెండోది 4.5 నుంచి 0.5కి తగ్గాలి. ఏ కోణంలోనైనా రెండూ కలిపితే 5 రావాలి. కూడిక 0.15 దాటి తేడా పడితే తప్పు జరిగినట్టే. రెండూ ఒకే దిక్కున పెరిగేవైతే, రెండు తీగలూ ఒకదానికొకటి తగిలినప్పుడు ఒకే మాట చెబుతాయి, నువ్వు నమ్మేస్తావు. అయస్కాంత సెన్సారు పక్క నుంచి కరెంటు తీగ పోనివ్వకు. 40 ఆంపియర్ల తీగ 2 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 0.4 మిల్లీటెస్లా పడుతుంది. సెన్సారు ముందున్న అయస్కాంతం 50 మిల్లీటెస్లాలది అయితే దాదాపు అర డిగ్రీ అబద్ధం చెబుతుంది. పాజిటివ్, నెగటివ్ రెండు తీగల్నీ మెలిపెట్టి నడిపితే ఇది చాలావరకు పోతుంది.

స్టీరింగుకి కేన్ లైన్లు రెండు, వేరుగా ఉండాలి. మ్యాపు తెర, చేపల సోనార్ ఉన్న ఎన్‌ఎమ్‌ఈఏ 2000 తీగ మీద దీన్ని ఎక్కించకు. సెకనుకి 250 కిలోబిట్ల లైనులో ఒక్కో సందేశానికి అర మిల్లీసెకను పైన పడుతుంది. 10 మిల్లీసెకన్లకోసారి చక్రం కోణం పంపు, ప్రతి సందేశంలో ఒక వరస సంఖ్య, సందేశం చెడకుండా వచ్చిందో లేదో చూసుకునే ఒక చెక్‌సమ్ ఉంచు. 50 మిల్లీసెకన్లు కొత్త సందేశం రాకపోతే రెండో లైనుకి మారాలి. బోటు దించే ప్రతి ఉదయం బ్యాటరీ ఆపి, లైనులోని రెండు తీగలు కేన్ హై, కేన్ లోల మధ్య మల్టీమీటరు పెట్టు. 60 ఓములు చూపిస్తే రెండు చివర్ల 120 ఓముల రెసిస్టర్లూ ఉన్నట్టే, సరే. 120 అంటే ఒక చివర రెసిస్టరు ఊడింది, 40 అంటే ఎవరో మూడోది తగిలించారు. అర నిమిషం పని.

ఎక్కువ మంది దెబ్బతినేది స్టీరింగు రేషియో దగ్గర. మెల్లగా రేవుకి చేరేటప్పుడు చక్రం మూడు చుట్లకే ఆ చివర నుంచి ఈ చివరికి రావాలి. 40 నాట్లు దాటాక ఆరు చుట్లు కావాలి, కోణం కూడా పది డిగ్రీల దగ్గర కట్టడి చెయ్యాలి. వేగం జీపీఎస్ నుంచి తీసుకుంటావు. ఒక్క క్షణం జీపీఎస్ పోయి వేగం సున్నా అని వస్తే, ప్రోగ్రాము రేవులో ఉన్నామనుకుని మూడు చుట్ల రేషియోకి మారిపోతుంది. బోటు మాత్రం 45 నాట్ల మీద ఉంటుంది. చక్రం బెత్తెడు తిప్పితే చాలు, పల్టీ కొడుతుంది. అందుకని జీపీఎస్ వేగం, ఇంజను ఆర్‌పీఎమ్ నుంచి అంచనా వేసిన వేగం రెండిట్లో ఎక్కువదే వాడు. పెరిగితే వెంటనే నమ్ము, తగ్గితే మెల్లగా నమ్ము.

దాని తమ్ముడు ఇంకొకటుంది. చక్రం కోణాన్ని రేషియోతో గుణించి ఇంజను కోణం తీస్తే, చక్రం ఒక పక్కకి పట్టుకుని థ్రాటిల్ తగ్గించగానే ఇంజను తనంత తనే ఇంకా తిరుగుతుంది. నడిపేవాడి చెయ్యి కదలలేదు, బోటు కదిలింది. అలా కాకుండా చక్రం కదిలినంత మేరకే, ఆ క్షణపు రేషియోతో, పాత కోణానికి కలుపుతూ పో. అప్పుడు చక్రానికి నడి స్థానం ఉండదు కాబట్టి ఇంజను కోణం తెర మీద పెద్దగా కనపడాలి, చివరికి వచ్చాక చక్రం దగ్గరి బ్రేకు చేతికి గట్టిగా తగలాలి. ఇంజను పైకి ఎత్తినప్పుడు తిరిగే కోణం తగ్గాలి, లేకపోతే బాడీకి తగిలి పగులుతుంది. ఇంజను ఎంత ఎత్తి ఉందో చెప్పే ట్రిమ్ సెన్సారు తీగ మర్చిపోకు.

జాయ్‌స్టిక్ ఇప్పుడే వద్దు. ఒంటి ఇంజనుతో అది పెద్దగా చేసేది లేదు. మెర్క్యురీ 2021లో తెచ్చిన 600 హార్స్‌పవర్ వి12 వెరాడోలో ఇంజను కదలకుండా కింది గేర్‌కేస్ ఒక్కటే తిరుగుతుంది. అలాంటివి చూసి ఆశపడటం సహజం. అది ఇంజను కట్టేవాళ్ళు చెయ్యగలిగిన పని.

కంట్రోలర్ పెట్టె గురించి. నీరు చొరదని ఐపీ67 అని రాసి ఉన్న పెట్టె కూడా మన ఎండలో తడుస్తుంది. రోహిణి కార్తెలో లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. మీద నీటి తుంపర పడగానే చల్లబడి లోపలికి లాగుతుంది, సీలు పక్క నుంచి తేమ వస్తుంది. గాలి పోనిచ్చి నీటిని ఆపే పొర ఉన్న వెంట్ మర ఒకటి పెట్టె అడుగున బిగించు. తీగ లోపలి పోగుల వెంబడి కూడా నీళ్ళు పాకుతాయి, అందుకే ప్రతి తీగకీ పెట్టెలోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు ఇవ్వాలి. ఖాళీ పిన్ను రంధ్రాలకి బిరడాలు పెట్టు. తీగ చివర్లు సోల్డరు చెయ్యకు, క్రింపు చెయ్యి, అంటే లోహపు తొడుగులో పెట్టి నొక్కి బిగించు. సోల్డరు పోగుల్లోకి పాకి తీగ గట్టిపడిన చోట, అదురుకి అక్కడే తెగుతుంది.

పరీక్షలు బల్ల మీద వంద గంటలు, తర్వాత ట్రాలీ మీద, తర్వాత రేవులో కట్టేసి, ఆ తర్వాతే నీటి మీద. 5 నాట్లతో మొదలుపెట్టి అయిదేసి పెంచు. ప్రతి మెట్టులోనూ కాగితం మీది తప్పులు ఒక్కొక్కటే చేసి చూడు: కనెక్టరు ఊడబీకు, ఫ్యూజు తియ్యి, జీపీఎస్ యాంటెన్నాకి రేకు కప్పు. ఒక మెట్టులో ఒక్క తప్పు తేడాగా నడిచినా పైమెట్టుకి పోవద్దు. మెడకి కాకుండా తొడకి కట్టుకునే, మనిషి పడితే ఇంజను ఆపేసే కిల్ తాడు, లైఫ్ జాకెట్, తోడుగా రెండో బోటు తప్పనిసరి.

చోటు విషయం. జులై నుంచి సెప్టెంబరు దాకా గౌతమిలో ఎర్రనీళ్ళతో దుంగలు కొట్టుకొస్తాయి, అప్పుడు వద్దు. కాకినాడ అఖాతం హోప్ ఐలాండ్ అడ్డుతో కాస్త నెమ్మదిగా ఉంటుంది, కానీ పోర్టు వాళ్ళ అనుమతి తీసుకో. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకతిన్నెల దగ్గరికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ పక్కకి పరుగు తీయకు. కోరింగ మడ అడవి కాలవల్లో అసలు వేగమే వద్దు, అల కొడితే చిన్న నావలు బోల్తా పడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు వలలు తక్కువ. తెల్లవారుజామున గాలి లేవకముందు పోటు నిండిన వేళ చూసుకో. అంతర్వేది మొగలో మాత్రం మొదటి ఏడాది చెయ్యకు, అక్కడ ఇసుకదిబ్బలు వరద వరదకీ జరుగుతాయి.

చక్రం కోణం, అడిగిన కోణం, తిరిగిన కోణం, కరెంటు, వోల్టేజి అయిదూ సెకనుకి వందసార్లు కార్డు మీద రాసుకోవాలి. అడిగిన కోణానికీ తిరిగిన కోణానికీ మధ్య ఎడం రోజురోజుకీ పెరుగుతుంటే స్క్రూలో ఇసుక పడుతోందని అర్థం. నీటికి దించే ముందు ఆ ముప్పై వరసల కాగితం ఫొటో తీసి నాకు పంపు. చూసి, తప్పిన వరసలుంటే ఎర్ర సిరాతో రాసి తిరిగి పంపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య