ముద్దొచ్చే ముఖం, అందని ఊపిరి: జాతి పెంపకంపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జంతువుల రూపం చుట్టూనే తిరిగాయి. అందుకే మామూలుగా వచ్చే టీకాల ప్రశ్నలను వచ్చే నెలకు జరిపాం.

మా పిల్లలు ‘హచ్ కుక్క’ (పగ్) కావాలని పట్టుబట్టారు. గురక ఆ జాతికి మామూలేనని అమ్మేవాళ్లు అంటున్నారు. కొనవచ్చా? కొంటే ఏం చూసుకోవాలి? (ఒక పాఠకురాలు, విజయవాడ)

పగ్‌లలో గురక ఎక్కువన్నది నిజమే. అంతమాత్రాన అది ఆరోగ్యం కాదు. పగ్ పుర్రె పొట్టిదైంది కానీ లోపలి మెత్తటి కండ ఆ మేరకు తగ్గలేదు. అంగిలి వెనక భాగం పొడుగై గొంతుకు అడ్డం పడుతుంది. ముక్కు రంధ్రాలు సన్నని గీతల్లా ఉంటాయి. కొన్నింటికి శ్వాసనాళమే ఇరుకు. ఆ ఇరుకులోంచి గాలి లాక్కునే చప్పుడే గురక. ఏళ్ల తరబడి అలా లాగితే స్వరపేటిక దగ్గరి పొరలు కూడా లోపలికి ఉబ్బి ఉన్న దారిని ఇంకా మూసేస్తాయి. పైగా కుక్కలు ప్రధానంగా రొప్పుతూనే ఒంటి వేడి దించుకుంటాయి. రొప్పడానికి దారి లేని కుక్క విజయవాడలో మే నెల ఎలా గడపాలి?

ఈ జాతి ఎప్పుడూ ఇలాగే ఉందన్న వాదన నిలబడదు. ఇంగ్లండ్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1745లో తన బొమ్మ పక్కన గీసుకున్న పగ్‌కు స్పష్టంగా మూతి ఉంది. తర్వాతి తరాల్లో పొట్టి మూతికి ప్రదర్శనల్లో బహుమతులు వచ్చాయి, గిరాకీ పెరిగింది, మూతి పోయింది. మన దగ్గర 2003లో వచ్చిన హచ్ ఫోన్ కంపెనీ ప్రకటన మిగతా పని చేసింది. నెదర్లాండ్స్ ప్రభుత్వం మాత్రం 2019లో గీత గీసింది: మూతి పొడవు పుర్రె పొడవులో కనీసం మూడో వంతు లేని కుక్కతో పిల్లలు పెట్టించకూడదు.

మా సలహా, పిల్లను కొనకండి. వదిలేసిన పెద్ద పగ్‌ను తెచ్చుకుంటే ఇంకో ఈతకు మీ డబ్బు పోదు. అయినా కొంటామంటే పిల్లను కాదు, తల్లిని, తండ్రిని చూడండి. పిల్ల రెండు నెలల వయసులో ఎలా ఊపిరి తీసినా పెద్దయ్యాక సంగతి దాన్నిబట్టి చెప్పలేం. తల్లి నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చున్నప్పుడు దగ్గరికి వెళ్లి వినండి. తర్వాత మూడు నిమిషాలు చురుగ్గా, పరుగులాంటి నడక నడిపించి మళ్లీ గొంతు దగ్గర చెవి పెట్టండి. కేంబ్రిడ్జ్ పశువైద్యులు ఇదే పద్ధతిలో 0 నుంచి 3 వరకు అంచె ఇస్తారు (3 అంటే ఇబ్బంది తీవ్రం), అయితే వాళ్లు స్టెతస్కోపు వాడతారు. నడక తర్వాత దూరానికే వినిపించే గరగర, నురగ కక్కడం, చిగుళ్లు నీలంగా మారడం, కూలబడిపోవడం కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. ‘ఎండగా ఉంది, ఇప్పుడు నడిపించలేం’ అని యజమానే అంటే జవాబు దొరికినట్టే. పురుడు ఆపరేషన్‌తో అయిందా అని కూడా అడగండి. ఫ్రెంచ్ బుల్‌డాగ్ అయితే ఈ ప్రశ్న మరీ ముఖ్యం. బ్రిటన్‌లో చేసిన ఒక సర్వేలో ఆ జాతి పురుళ్లలో 80 శాతానికి పైగా సిజేరియన్లే.

ఇప్పటికే ఇంట్లో పగ్ ఉన్నవాళ్లకు: బరువు 8 కిలోలు దాటనివ్వకండి, కొవ్వు గొంతు చుట్టూ కూడా చేరుతుంది. మెడ పట్టీ బదులు ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి. వేసవిలో నడక ఉదయం ఆరు గంటల లోపే. ముఖం మడతలు రోజూ తుడిచి పొడిగా ఉంచండి. వడదెబ్బ తగిలితే ముందు చల్లబరచండి, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటినిండా కుళాయి నీళ్లు పోసి ఫ్యాను గాలి తగలనివ్వాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. మలద్వారం దగ్గర ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం; 39.5కి దిగగానే నీళ్లు ఆపండి. కనుగుడ్డు బయటికి వస్తే లోపలికి నెట్టకండి, సెలైన్‌తో తడిపిన గుడ్డ కప్పి వెంటనే పరుగెత్తండి.

మా ఆడ పగ్‌కు రెండేళ్లు. ఒక్కసారైనా ఈనితేనే ఆరోగ్యమని, క్రాస్ చేయించమని తెలిసినవాళ్లు అంటున్నారు. చేయించాలా? (కరీంనగర్)

వద్దు. ఈనడం వల్ల ఆడకుక్కకు వచ్చే ఆరోగ్య లాభం ఏమీ లేదు. ఈనకపోతే వస్తుందని భయపెట్టే గర్భాశయపు చీము జబ్బుకు మందు పిల్లలు కాదు, గర్భసంచి తీసే ఆపరేషన్. ఒక సంగతి గుర్తుంచుకోండి: పొట్టి మూతి కుక్కలకు మత్తు ఇవ్వడం, మత్తు నుంచి లేపడం ప్రమాదంతో కూడిన పని. అనుభవం ఉన్న డాక్టరును ఎంచుకోండి. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే, అంగిలి కత్తిరించే అవసరం ఉంటే అదే మత్తులో చేయవచ్చేమో అడగండి. అది ఊపిరిని మెరుగుపరుస్తుంది తప్ప మామూలు కుక్కలా చేయదు, పుట్టే పిల్లల మూతిని అసలే మార్చదు.

అమ్మకం ఉద్దేశంతో పెంచేవారికి 2017 కేంద్ర నిబంధనలు వర్తిస్తాయి: రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఎనిమిది వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదు.

చెవులు ముందుకు మడిచిన స్కాటిష్ ఫోల్డ్ పిల్లిపిల్లను హైదరాబాద్‌లో కొన్నాం. ఏడాది దాటింది. సోఫా ఎక్కడం మానేసింది. బద్ధకమా? (ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

బద్ధకం కాదు, నొప్పి అయ్యుండవచ్చు. ఆ చెవి మడత ఎముకల జబ్బు పైకి కనిపించే గుర్తు. ఒక జన్యువులోని లోపం ఒంటిలోని మృదులాస్థి మొత్తాన్నీ దెబ్బతీస్తుంది. చెవి నిలబడలేక వాలిపోతుంది, కాళ్ల కీళ్లలో, తోకలో ఎముక అడ్డదిడ్డంగా పెరుగుతుంది. ఒక్క కాపీ ఉన్నా జబ్బు ఉన్నట్టే. కొన్నింటిలో తక్కువ, కొన్నింటిలో తీవ్రం. ఫోల్డ్‌ను ఫోల్డ్‌తో కలిపితే రెండు కాపీలు అందుకున్న పిల్లలు చిన్న వయసులోనే కుంటుతాయి. నిటారు చెవుల పిల్లితో కలిపితే సుమారు సగం పిల్లలకు మడత, ఆ సగానికీ జబ్బు. చెవి మాత్రం మడిచి, కీళ్లు బాగుండే పిల్లిని తయారుచేసే దారి లేదు. అందుకే ఈ జాతి మీద మాకు రెండో అభిప్రాయం లేదు. ఇది 1961లో స్కాట్లండ్‌లో పుట్టిన ఒక పిల్లితో మొదలైంది. 1970లలోనే బ్రిటన్‌లోని ప్రధాన పిల్లుల సంఘం నమోదు ఆపేసింది.

వెనక పాదాలకు ఎక్స్‌రే తీయించండి. తోకను మొదలు నుంచి చివరిదాకా మెల్లగా తడమండి. బిరుసుగా ఉందా, వంగడం లేదా చూడండి, వంచడానికి ప్రయత్నించకండి. నొప్పి మందు వెట్ రాసిందే వాడాలి. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం, సగం మాత్ర కూడా ఇవ్వకండి. సోఫాకు మెట్టు పెట్టండి, మట్టి తొట్టి అంచు ఒకవైపు తగ్గించండి, గోళ్లు పెరగనివ్వకండి. వెంటనే ఆపరేషన్ చేయించి పిల్లలు పుట్టకుండా చూడండి.

మా దగ్గర చిలుకముక్కు కోళ్లు ఉన్నాయి. ముక్కు నిలవాలని తండ్రి పుంజును కూతురు పెట్టల మీదికే వదులుతున్నాం. ఈ మధ్య గుడ్లు పిల్లలు కావడం లేదు. ఎందుకు? (ప్రకాశం జిల్లా)

ముక్కు నిలిచింది, మిగతాది పోతోంది. తండ్రీకూతుళ్లను కలిపితే పుట్టే పిల్లలో రక్తసంబంధపు పాలు (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు అందే అవకాశం) 25 శాతం. అన్నాచెల్లెళ్లకూ అంతే. సవతి తోబుట్టువులకు 12.5 శాతం. అదే పుంజును మనవరాళ్ల మీదికి కూడా తిప్పితే అది ఇంకా పేరుకుంటుంది. కోళ్లలో దీని దెబ్బ ముందు గుడ్లు పొదగడంలోనే తెలుస్తుంది. ఏడో రోజు రాత్రి గుడ్డును దీపానికి ఎదురుగా పట్టి చూడండి. లోపల ఏమీ లేకుండా తెల్లగా ఉంటే జత పడలేదు, పుంజునో కాలాన్నో అనుమానించండి. నరాలు కట్టి తర్వాత చచ్చినవి, 21 రోజులకు పెంకులోనే ఆగిపోయినవి ఎక్కువైతే రక్తమే కారణం కావచ్చు. తేమ తగ్గినా, పెట్ట మేత సరిగా లేకపోయినా కూడా ఇలా జరుగుతుంది కాబట్టి అవీ చూసుకోండి.

మూడు దొడ్లు పెట్టండి. పెట్టలు పుట్టిన దొడ్లోనే ఉంటాయి. ఏటా మొదటి దొడ్డి పుంజు పిల్లలు రెండోదానికి, రెండోదానివి మూడోదానికి, మూడోదానివి మొదటికి వెళ్లాలి. ఒక్కో పుంజుకు నాలుగైదు పెట్టలు చాలు. మూడు దొడ్లనూ ఒకే పుంజు సంతతితో మొదలుపెడితే లాభం లేదు, కనీసం ఒకటైనా దూరపు ఊరి నుంచి రావాలి. రెండు తరాలు ముక్కు కొంచెం తగ్గవచ్చు. ధర తగ్గుతుందని భయపడి ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

ముక్కుకూ ఒక హద్దు ఉండాలి. గచ్చు మీద జొన్నలు చల్లి చూడండి. మళ్లీ మళ్లీ పొడుస్తూ గింజ అందుకోలేని కోడిని పోటీలో గెలిచినా జతకు వాడకండి. దానికి లోతైన గిన్నెలో పొడి మేత పెట్టి సాకండి. పై ముక్కు, కింది ముక్కు కలవని కోడి ఈకలు సరిగా దువ్వుకోలేదు, అందుకే పేలు, గోమార్లు ముందు దానికే పడతాయి. రెక్కల కింద, మలద్వారం చుట్టూ వారానికోసారి చూడండి.

అక్వేరియంలో నారింజరంగు పారట్ చేపలు గుడ్లు పెడుతున్నాయి, రెండు రోజుల్లో తెల్లబడిపోతున్నాయి. ఏ మందు వేయాలి? (విశాఖపట్నం)

మందు వద్దు. ఇది రెండు జాతులను కలిపి తయారుచేసిన సంకర చేప. మగవాటిలో ఎక్కువ భాగం గొడ్డువి, గుడ్లు ఫలించక బూజు పడుతున్నాయి. తెల్లబడినవి తీసేయండి. దీని నోరు నిలువు చీలికలా ఉండి పూర్తిగా మూసుకోదు. గొంతులోని పళ్లతోనే నమలాలి కాబట్టి మునిగే చిన్న గుళికల మేత వేయండి, దూకుడు చేపలతో కలపకండి. నీలం, ఊదా రంగుల్లో అమ్మేవాటికి రంగు ఎక్కిస్తారు, కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. హృదయం ఆకారంలో కనిపించేవాటికి తోక కోసేసి ఉంటుంది. ఆ రెండు రకాలనూ కొనకండి.