గట్టు మీది తంగేడు, జిల్లేడు తీసేయాలా?

ప్రశ్న: ఎకరంలో వంగ వేశాను. పూత బాగుంది, కాపే తక్కువ. గట్ల మీద తంగేడు, జిల్లేడు గుబురుగా పెరిగాయి. పురుగులన్నీ అక్కడి నుంచే వస్తున్నాయి, గడ్డి మందు కొట్టించమని పక్క రైతులు అంటున్నారు. కొట్టించమంటారా?
– ఒక రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: వద్దండీ, ముఖ్యంగా తంగేడు జోలికి పోకండి. వంగ పువ్వు మధ్యలో పసుపు గొట్టాల్లా ఉంటాయి చూడండి, వాటి కొసన సన్నటి రంధ్రం ఉంటుంది, పుప్పొడి అందులోంచి బాగా రాలాలంటే పువ్వును గట్టిగా పట్టుకుని జుయ్యిమంటూ అదిరించే పురుగు కావాలి. వంగ తన పుప్పొడితో తానూ కాస్తుంది, కాదనను, కానీ ఇవి తిరిగితే కాయ బాగా పడుతుంది. మామూలు తేనెటీగలకు ఈ విద్య రాదు. లావుపాటి నల్ల తుమ్మెదలకు, పొట్ట మీద నీలి చారలుండే, పట్టు పెట్టకుండా ఒంటరిగా బతికే తేనెటీగలకు వచ్చు. తంగేడు పువ్వుదీ ఇదే పద్ధతి, తేనె ఉండదు, పుప్పొడి కోసమే అవి వస్తాయి. మీ చేలో వంగ పూత లేని రోజుల్లో వాటికి తిండి ఇలాంటి పూలే. పొద్దున్నే గట్టు దగ్గర కాసేపు నిలబడితే ఆ చప్పుడు మీకే వినబడుతుంది. గట్టున ఎండిన వెదురు, మోడు ఉంటే ఉంచండి, తుమ్మెదలు అందులోనే తొలిచి గూడు పెడతాయి.

ఇక పురుగుల టెన్షన్. తంగేడు ఆకు తినే పచ్చ పురుగు, జిల్లేడు మీది చారల పురుగు సీతాకోకచిలుకలవి, వంగను ముట్టవు. జిల్లేడు చిగుళ్ల మీది పసుపు పేనుబంకా అంతే, పైగా దాన్ని తినడానికి అక్షింతల పురుగులు చేరతాయి. (వంగ ఆకును గీరి జల్లెడ చేసేదాన్నీ మనవాళ్లు అక్షింతల పురుగే అంటారు. అది నూగుతో మెరుపు లేకుండా ఉంటుంది, మేలు చేసేది నున్నగా మెరుస్తుంది. తేడా చూడకుండా మందు కొట్టకండి.)

గట్టున పీకాల్సినవి వాకుడు, కామంచి. వంగ జాతివి కాబట్టి కాయ తొలుచు పురుగుకు ఆశ్రయమిస్తాయి. వయ్యారిభామను కూడా పూతకు రాకముందే పీకేయండి. చేలో కాయ తొలుచు పురుగు పట్టి వాడిన వంగ కొమ్మల్ని పురుగున్న చోటుకి కిందికల్లా తుంచి, పుచ్చిన వంకాయలతో కలిపి కాల్చేయండి. మందు తప్పదనుకుంటే తుమ్మెదలు వెళ్లిపోయాక సాయంత్రం కొట్టండి.

ఇంకొకటి, రాలిన పూలు కొన్ని ఏరి చూడండి. మధ్యలోని ఆకుపచ్చ కాడ పసుపు గొట్టాల కన్నా పొట్టిగా, లోపలే ఉండిపోతే ఎన్ని తుమ్మెదలొచ్చినా ఆ పువ్వు కాయ కట్టదు. అలాంటివే ఎక్కువ కనిపిస్తే ఏ రకం వేశారో, ఎరువులు, తడులు ఎప్పుడెప్పుడు ఇచ్చారో రాయండి.