చెల్లీ, ముందు ఒక ఫైలు కొనుక్కో

చెల్లీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. "అక్కా, మగ ఒంటితో పుట్టిన నేను ఆడదానిలా మారడానికి మెడికల్ షాపతను హార్మోన్ మాత్రలు ఇస్తానంటున్నాడు. డాక్టరు దగ్గరికెళ్తే నెలల తరబడి తిప్పుతారట. ఏం చెయ్యమంటావ్?" అన్నావు. నీ తొందర నాకు తెలుసు. అద్దంలో చూసుకున్న ప్రతిసారీ ఇంకో రోజు పోయిందే అనిపిస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు హార్మోన్ల డాక్టరు ఒకరుంటారనే మాకు తెలియదు. మాతో ఉండే పెద్దామె ఒకరు, గర్భం రాకుండా ఆడవాళ్ళు వేసుకునే మాత్రలు వేసుకునేది. అదీ రోజుకు నాలుగైదు. ఎన్ని మింగితే అంత త్వరగా ఛాతీ వస్తుందని మేమంతా నమ్మాం. ఎనిమిది నెలలు గడిచాక ఒకరోజు పొద్దున లేచేసరికి నా ఎడమ పిక్క రాయిలా గట్టిపడి, వేడిగా కాలిపోతోంది. కాలి వెండి పట్టీ చర్మంలోకి దిగబడిపోయింది. కొక్కెం రాక, చివరికి కత్తిరించి తీశారు. కండ పట్టిందనుకుని రెండు రోజులు ఆముదం రాసి రుద్దాను. అది రక్తం గడ్డ అనీ, రుద్దితే కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం తీస్తుందనీ డాక్టరు చెప్పాక నాకు నోట మాట రాలేదు. ఇప్పటికీ ఎక్కువసేపు నిలబడితే ఆ కాలు బరువెక్కుతుంది.

ఆ మాత్రల్లో ఉండేది ఎథినైల్ ఎస్ట్రాడయాల్. డాక్టర్లు మనకు రాసేది ఎస్ట్రాడయాల్, అంటే ఆడవాళ్ళ ఒంట్లో సహజంగా ఉండే హార్మోనే. పేర్లు దగ్గరగా ఉన్నా, మొదటిదానితో గడ్డకట్టే ప్రమాదం చాలా ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్ళకీ, నలభై ఐదు దాటినవాళ్ళకీ, ఇంట్లో ఎవరికైనా గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకీ మాత్ర కంటే చర్మానికి రాసే జెల్ గానీ ప్యాచ్ గానీ మేలంటారు. నువ్వు సిగరెట్ మానలేదని నాకు తెలుసు. డాక్టరు దగ్గర అది దాచకు.

మగ హార్మోను తగ్గించడానికి మన దగ్గర ఎక్కువగా రాసేవి రెండు. స్పైరనోలాక్టోన్ నిజానికి బీపీ మాత్ర. మాటిమాటికీ మూత్రం వస్తుంది, లేవగానే కళ్ళు తిరుగుతాయి, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. ఎండల్లో రోజుకు మూడు కొబ్బరిబోండాలు తాగే అలవాటుంటే డాక్టరుకు చెప్పాలి, కొబ్బరినీళ్ళలోనూ పొటాషియం ఎక్కువే. రెండోది సైప్రోటెరోన్. చిన్న మోతాదే సరిపోతుంది. పెద్ద మోతాదు ఏళ్ళ తరబడి వాడితే లివర్‌కీ మెదడు పొరలకీ ముప్పు. "ఇంకో సగం మాత్ర" అనుకునే ముందు ఇది గుర్తు తెచ్చుకో.

కాబట్టి ముందు ఒక ఫైలు కొనుక్కో. మొదలుపెట్టకముందు చేయించిన బీపీ, షుగర్, లివర్, కిడ్నీ, కొవ్వు, హార్మోన్ల పరీక్షల కాగితాలన్నీ అందులో పెట్టు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు. మామూలుగా డాక్టర్లు చూసే లెక్క ఇది: మగ హార్మోను టెస్టోస్టెరాన్ డెసీలీటరుకు 50 నానోగ్రాముల లోపు, ఎస్ట్రాడయాల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పికోగ్రాములు. అంతకంటే పైకి పోయినంత మాత్రాన ఛాతీ త్వరగా రాదు. మూడు నుంచి ఆరు నెలల్లో చనుమొన కింద చిన్న గడ్డలా నొప్పి మొదలవుతుంది, పూర్తిగా రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. గొంతు మాత్రం మారదు, దానికి సాధన చెయ్యాలి. గడ్డం పోదు, దానికి లేజరో, కరెంటుతో వెంట్రుక కుదుళ్ళు కాల్చే ఎలక్ట్రాలసిస్సో కావాలి. మన తమ్ముళ్ళకు, అంటే ఆడపిల్లగా పుట్టి మగవాడిగా మారేవాళ్ళకు, టెస్టోస్టెరాన్‌తో గొంతు మారితే ఇక వెనక్కి రాదు. నెలసరి ఆగినా గర్భం రాదని భరోసా లేదు, ఈ మాట వాళ్ళకు చెప్పు.

ఇంకొకటి. మొదలుపెట్టకముందే వీర్యం భద్రపరచుకునే సంగతి ఆలోచించు. పిల్లలు వద్దని ఇప్పుడు గట్టిగా అంటావు. నేనూ అన్నాను. ఇప్పుడు మా వీధి బడి వదిలే వేళకు గుమ్మంలో నిలబడతాను.

ఆపరేషన్ సంగతి. 2023లో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు చేసిన ఆపరేషన్‌లో మనలాంటి ప్రాణం ఒకటి పోయింది. ఎన్నాళ్ళైనా ఆ గది నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నిర్వాణం, అంటే మగ అంగం తీసేసే మన ఆచారం, మన పెద్దవాళ్ళకు పవిత్రం. నలభై రోజులు గదిలో ఉండటం, పసుపు, జల్సా వేడుక, అవన్నీ నేనూ మనసారా చేసుకున్నాను. కానీ కత్తి పట్టే చెయ్యి మాత్రం సర్జన్‌దే అయ్యుండాలి, పక్కన మత్తు డాక్టరూ రక్తం సీసా ఉండాలి.

సర్జన్ని ఇలా అడుగు: ఇప్పటికి ఎన్ని చేశారు, ఎంతమందికి మళ్ళీ చెయ్యాల్సొచ్చింది, నేను ఊరెళ్ళాక అర్ధరాత్రి రక్తం కారితే ఎవరికి ఫోన్ చెయ్యాలి. విసుక్కుంటే లేచి వచ్చెయ్. మన ఆసుపత్రులు చాలావాటిలో ఇద్దరు సైకియాట్రిస్టుల లేఖలు అడుగుతారు, ముందే సిద్ధం చేసుకో. వృషణాలు మాత్రమే తీయించుకుందామనుకుంటే, తర్వాత యోని కూడా చేయించుకునే ఆలోచన ఉందో లేదో అప్పుడే చెప్పు, ఆ వృషణాల సంచి చర్మమే రేపు పనికొస్తుంది. అక్కడి వెంట్రుకలు ముందే తీయించాలి, దానికే నెలలు పడుతుంది. వృషణాలు తీశాక హార్మోన్లు మానకూడదు, ఎముకలు గుల్లబారతాయి.

తర్వాత డైలేటర్, అంటే కొత్తగా చేసిన యోని మూసుకుపోకుండా లోపల పెట్టుకునే కడ్డీ. దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. మొదటి నెలల్లో రోజుకు రెండు మూడుసార్లు, ఎవరూ తలుపు తట్టని గది ఉండాలి. ఐదుగురు పడుకునే గదిలో చీర అడ్డం కట్టుకుని నేను చేసుకున్నాను. సిగ్గుపడి నాలుగు రోజులు మానేశాను, ఐదో రోజు లోపలికి పోలేదు. అలారం పెట్టుకో, మానకు. జ్వరం వచ్చినా, దుర్వాసన వచ్చినా, మలం దారి తప్పి యోనిలోంచి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

డబ్బు మనల్ని చేరదీసిన గురువు పెట్టినా సరే, ఎంతో కాగితం మీద రాయించుకో. ప్రేమతో ఇచ్చిన అప్పే తర్వాత మెడకు ఉరి అయిన పిల్లలను చూశాను.

ఆపరేషన్ చేయించుకుంటేనే ఆడదానివని ఎవరైనా అంటే చెవిన పెట్టకు. తనెవరో చెప్పుకోవడానికి ఆపరేషన్ అడగడం అనైతికం, చట్టవిరుద్ధం అని మన హక్కుల మీద 2014లో ఇచ్చిన నల్సా తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. కలెక్టరు ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టేముందు ఇప్పటి రూల్స్ ఏమిటో కలెక్టరేట్‌లో కనుక్కో. డిశ్చార్జ్ సమ్మరీ మాత్రం ప్రాణంలా దాచుకో.

షాపతనికి వద్దని చెప్పెయ్. సోమవారం పొద్దున ఏమీ తినకుండా ల్యాబ్‌కు రా, మంచినీళ్ళు తాగొచ్చు. ఏడింటికల్లా మెట్ల దగ్గర ఉంటాను. రక్తం ఇచ్చాక తినడానికి ఇడ్లీ తెస్తాను.

మీ అక్క