వినాయక మండపంలో ఫిడేలు విన్యాసాలు: కింద కూర్చుని ఏవి పండుతాయి?

అపార్ట్‌మెంటు మండపంలో పిల్లల కోసం ఫిడేలు మీద పది నిమిషాలు వింతలు చేయాలనుకుంటున్నారు. నేర్చింది కర్ణాటక పద్ధతి కదా, వీడియోల్లో పాశ్చాత్య ఫిడేలు వాళ్లు నిలబడి చేసేవి కింద కూర్చుని కుదురుతాయా, వాయిద్యం పాడవుతుందా అన్నది మీ అనుమానం. చాలావరకు కుదురుతాయి. ముఖ్యమైన రెండు మాత్రం వాళ్లకన్నా మనకే బాగా పండుతాయి, ఎందుకంటే మన తీగల శ్రుతి స-ప-స-ప (షడ్జం, పంచమం, మళ్లీ అవే పై స్థాయిలో).

మొదటిది పుల్లల దరువు. అమెరికా దక్షిణాదిలో పాత అలవాటు ఇది. ఒకరు ఫిడేలు వాయిస్తుంటే, పక్కనున్నవాళ్లు అవే తీగల మీద సన్నని పుల్లలతోనో అల్లిక సూదులతోనో దరువు వేస్తారు. దెబ్బ పడాల్సిన చోటు మీ ఎడమ చేతికీ కమానుకీ మధ్య, ఫింగర్‌బోర్డు (వేళ్లు నొక్కే నల్ల పలక) మీద బ్రిడ్జి (తీగల్ని ఎత్తి నిలిపే చెక్క) వైపు భాగంలో. వాళ్ల జి-డి-ఎ-ఇ శ్రుతిలో ఖాళీ తీగ మోగితే అన్ని పాటలకూ అతకదు. మనకి ఏ రాగమైనా మంద్ర షడ్జం, మంద్ర పంచమం మోగుతూ ఉంటే తంబురా, తాళం రెండూ ఒకేసారి దొరికినట్టే.

పుల్లలకి కొబ్బరి చీపురు ఈనెలను మించినవి లేవు. మొదలు వైపు మందంగా ఉన్నవి రెండు ఏరి, 25 నుంచి 28 సెంటీమీటర్ల పొడవు ఉంచి, సన్నటి చివర కోసేయండి. ఆ చివర తీగ మీద వంగి అంటుకుపోయి నాదాన్ని చంపేస్తుంది. ఈనె ఒంటినీ కొనల్నీ సన్నటి గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే తీగకి చుట్టిన లోహపు చుట్టు పీచుకి తగులుకుంటుంది. దరువు వేసేవారు మీకు ఎదురుగా, కాస్త మీ ఎడమ వైపుకి కూర్చోవాలి. మంద్ర తీగలు అటే ఉంటాయి. కమాను కొన కూడా అటే పొడుచుకొస్తుంది కాబట్టి మీరు కొన వైపు సగం కమానుతోనే వాయించండి. ఎదుట కూర్చునేది చిన్నపిల్లలైతే ఇది మరీ ముఖ్యం.

పుల్లని బొటనవేలు, చూపుడువేలు మధ్య వదులుగా పట్టుకోవాలి. తీగని తాకి దానంతట అదే ఎగరాలి. 'టక్ టక్' మని చెక్క శబ్దమే వినిపిస్తోందంటే దెబ్బ గట్టిగా పడి పుల్ల ఫింగర్‌బోర్డుకి తగులుతోంది. మూగగా ఉందంటే పుల్ల తీగ మీదే ఆగిపోతోంది. మొదట ఆదితాళంలో 'తకధిమి' సమానంగా పలకనివ్వండి. అది నిలబడ్డాక తిశ్రానికి (మూడేసి దెబ్బల నడకకి) వెళ్లండి. మృదంగం నేర్చుకునే పిల్లలుంటే ఈ పని వాళ్లకే అప్పజెప్పండి, చిటికెలో పట్టేస్తారు. మీరు మాత్రం మొదటి స్థానం (ఫిడేలు తల దగ్గరి చోటు) దాటి పై స్వరాలకి జారకండి, మీ చేయి బ్రిడ్జి వైపు వచ్చేస్తే పుల్లలకి చోటుండదు.

రెండోది కమాను విప్పి నాలుగు తీగలూ ఒకేసారి మోగించడం. పాత కమాను ఉంటేనే మొదలుపెట్టండి. మడమ చెక్కని (వెంట్రుకలు బిగించే ముక్క) ఒక చేత్తో పట్టుకుని స్క్రూ పూర్తిగా విప్పి జేబులో వేసుకోండి. వేలాడే ఆ చెక్క ఒక్క చుట్టు తిరిగినా వెంట్రుకల పట్టీ మెలిపడుతుంది, తిరిగి బిగించాక కమాను ఒక పక్కకి లాగుతుంది. ఇప్పుడు కర్రని ఫిడేలు వీపు కిందుగా పోనిచ్చి, వెంట్రుకలు తీగల పైకి వచ్చేలా చూసి, మడమ చెక్కనీ కర్ర చివరనీ కుడి చేత్తో కలిపి పట్టుకోండి. బిగువు మీ పట్టులోనే ఉంటుంది. మన పద్ధతిలో ఫిడేలు తల పాదం మీద, దాని అడుగు భాగం ఛాతీకి ఆని ఉంటాయి కాబట్టి నడుము భాగం కింద ఖాళీ దొరుకుతుంది. కర్ర ఫిడేలు వార్నిష్‌ని గీరకుండా దానికి మెత్తటి నూలు గుడ్డ చుట్టండి. కమాను పొట్టిగా, నెమ్మదిగా లాగాలి.

పై తీగ (అన్నిటికన్నా హెచ్చు శ్రుతిది) మీద మాత్రమే వేళ్లు నొక్కితే మిగతా మూడూ శ్రుతి పలుకుతాయి. మోహనం, హంసధ్వని చక్కగా ఒదుగుతాయి. షడ్జ పంచమాలతో గొడవపడే స్వరాలున్న రాగాలు వద్దు. తిరిగి బిగించేటప్పుడు మడమ చెక్కకున్న ఇత్తడి మరని (స్క్రూ దూరే చిన్న ముక్క) కర్ర గాడిలో నిటారుగా కూర్చోబెట్టి, స్క్రూని వేలికొనలతోనే తిప్పండి. అడ్డం వస్తే బలం పెట్టకుండా వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఇత్తడి మర అరిగితే ఇక బిగువు నిలవదు. భాద్రపదంలో గాలి తేమగా ఉండి వెంట్రుకలు సాగుతాయి, అదే కమానుని ఏసీ గదిలో పెడితే అవి కుంచించుకుపోతాయి. వాయించడం అయ్యాక వదులు చేయకపోతే కర్ర వంగుతుంది.

ఇక అనుకరణలు. ఇవేమీ కొత్తవి కావు, ఇటలీ స్వరకర్త కార్లో ఫరీనా 1627లోనే ఫిడేలు మీద పిల్లినీ కుక్కనీ కోడినీ పలికించాడు. కోకిల కోసం కమానుని ఫింగర్‌బోర్డు మీదికి జరిపి, పై తీగ మీద గమకం లేకుండా పైకి ఒక జారు వేసి ఠక్కున ఆపండి. ప్రతి కూతా ముందుదానికంటే కాస్త పైనుంచి మొదలవ్వాలి. ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) హారన్‌కి మధ్య షడ్జం తీగ మీద ఉంగరపు వేలితో శుద్ధ మధ్యమం, పంచమం తీగ మీద చూపుడు వేలితో చతుశ్రుతి ధైవతం కలిపి వాయించి, చివర్లో రెంటినీ కలిపి అర స్వరం కిందికి దించండి. దూసుకుపోయే రైలు హారన్ అలాగే దిగుతుంది. కోడికి కమాను బ్రిడ్జి పక్కన, పొట్టి పొట్టిగా.

1960ల్లో అమెరికా ఫిడేలు విద్వాంసుడు రిచర్డ్ గ్రీన్ తెచ్చిన 'చాప్' (కమానుతో కొట్టే దరువు) కూడా మీకు పనికొస్తుంది. ఎడమ వేళ్లతో తీగల్ని మూగబరిచి, మడమ దగ్గరి వెంట్రుకల్ని మంద్ర తీగల మీద నిలువుగా పడేసి అక్కడే ఆపాలి, కంజీర లాంటి చప్పుడొస్తుంది. స్వరం మోగితే కమాను అడ్డంగా జారుతోందని అర్థం. వెంట్రుకలు తెగడం దీనిలోనే ఎక్కువ.

వీపు వెనక పెట్టుకుని వాయించడం నా లెక్కలో విన్యాసమే కాదు. చప్పట్లు వస్తాయి, స్వరం రాదు.

ఏ విన్యాసం కోసమైనా నాలుగు తీగలూ ఒక్కసారి వదులు చేయకండి, బ్రిడ్జి పడి, లోపలి సౌండ్‌పోస్ట్ (పై పలకకీ వీపుకీ మధ్య నిలిపే చిన్న కర్ర) కూడా జారిపోవచ్చు. ఒక్కో తీగే మార్చి, ప్రతిసారీ బ్రిడ్జి పైఅంచు ఫింగర్‌బోర్డు వైపు వాలిందేమో చూడండి. మండపంలో స్టాండు మైకు పెడితే పుల్లల చప్పుడు డీజే హోరులో కలిసిపోతుంది. ఫిడేలుకి తగిలించే కాంటాక్ట్ పికప్ (చెక్క కంపనాన్ని నేరుగా పట్టే చిన్న మైకు) అడగండి, దానికి పుల్లల దెబ్బ స్పష్టంగా అందుతుంది. చాప్ మొదలయ్యే ముందు మాత్రం సౌండ్ అబ్బాయికి సైగ చేసి వాల్యూం తగ్గించమనండి.